పిల్లికూతలు ఆగితే ఉబ్బసం పోయినట్టేనా?

జూన్ మొదటి వారం వచ్చిందంటే హైదరాబాద్‌లో ఉబ్బసం మాట మళ్లీ మొదలవుతుంది. మృగశిర కార్తె నాడు నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో చేప ప్రసాదం కోసం క్యూలు, టీవీల్లో దాని మీద చర్చలు. కాస్త అటూఇటూగా అప్పుడే స్కూళ్లు, కాలేజీలు తెరుస్తారు, వానలూ మొదలవుతాయి. ఆ రోజుల్లో పిల్లల తల్లిదండ్రుల నోట ఎక్కువగా వినపడే ప్రశ్న: "పెద్దయితే దానంతట అదే పోతుందటగా, నిజమేనా?"

ఈ ప్రశ్న మా ఇంట్లో చాలా ఏళ్లు నలిగింది. మా అన్నకూ ఉబ్బసమే, నాకూ ఉబ్బసమే. నాన్న మా ఇద్దరినీ సూర్యాపేట నుంచి రాత్రి బస్సులో తీసుకొచ్చి వరుసగా మూడేళ్లు చేప మందు వేయించారు. అప్పటికి అన్నకు పన్నెండేళ్లు, నాకు తొమ్మిది. పదిహేనో ఏడు వచ్చేసరికి అన్నకు ఆయాసం ఆగిపోయింది. నాది మధ్యలో తగ్గినట్టే తగ్గి, ఇంటర్ చదువుకి హైదరాబాద్ హాస్టల్‌కి వచ్చాక మళ్లీ మొదలైంది. "వాడికి మందు పట్టింది, నువ్వు పథ్యం తప్పావు" అని అమ్మ బాధపడేది. ఒకే ఇల్లు, ఒకే మందు, ఒకే పథ్యం అయినప్పుడు ఇద్దరికీ రెండు రకాలుగా ఎందుకైంది? దానికి జవాబు పథ్యంలో లేదు, వయసులో ఉంది.

ఆయాసం, ఈస్నోఫీలియా, ఉబ్బసం ఒకటేనా?

ముందు పేర్ల చిక్కు విప్పుకోవాలి. ఆయాసం ఒక లక్షణం మాత్రమే. రక్తం తక్కువైనా, గుండె జబ్బు ఉన్నా, ఒళ్లు పెరిగినా ఆయాసం వస్తుంది. ఈస్నోఫిల్స్ అనేవి ఒక రకం తెల్ల రక్తకణాలు. రక్తపరీక్షలో వాటి లెక్క పెరిగితే మన దగ్గర దానికి 'ఈస్నోఫీలియా' అని పేరు పెట్టేస్తారు. అది అలర్జీకి గుర్తు కావచ్చు, కడుపులో నులిపురుగులకూ గుర్తు కావచ్చు. ఉబ్బసం అన్నా ఆస్తమా అన్నా మాత్రం ఒకటే జబ్బు. తల్లిదండ్రులు భయపడతారని కొందరు డాక్టర్లు ఆ పేరు పలకరు. 'అలర్జీ దగ్గు' అనో, 'ఈస్నోఫీలియా' అనో చెప్పి పంపిస్తారు. నా చిన్నప్పటి చీటీల్లో అయిదేళ్ల పాటు ఆస్తమా అన్న మాటే లేదు. పేరు తెలియని జబ్బుకు రోజూ మందు వాడాలంటే ఎవరికి మనసొప్పుతుంది?

ఈ జబ్బులో ఊపిరితిత్తుల్లోకి గాలి తీసుకెళ్లే గొట్టాల లోపలి పొర ఎప్పుడూ కొద్దిగా వాచి, చిరాకు పడి ఉంటుంది. దుమ్మో, జలుబో, చల్లగాలో తగలగానే ఆ గొట్టాల చుట్టూ ఉన్న కండరాలు బిగుసుకుంటాయి. దానికి తోడు తెమడ చేరుతుంది. వాపు, బిగువు, తెమడ మూడూ కలిసి దారి ఇరుకవుతుంది. గాలి లోపలికి వెళ్లడం కంటే బయటికి రావడమే ఎక్కువ కష్టమవుతుంది. ఆ ఇరుకు దారిలోంచి గాలి వచ్చేటప్పుడు వినపడే చప్పుడే పిల్లికూత.

బిగువు నిమిషాల్లో వస్తుంది, నిమిషాల్లో పోతుంది. వాపు అలా కాదు, పిల్లికూతలు లేని రోజున కూడా ఉండొచ్చు. ఈ రెండింటి తేడా పట్టుకుంటే ఉబ్బసం గురించి మనల్ని గందరగోళపెట్టే చాలా విషయాలు విడిపోతాయి.

పదిహేనేళ్ల వయసులో ఏం మారుతుంది?

చిన్నతనంలో ఉబ్బసం మగపిల్లల్లో ఎక్కువ. ఈడు వచ్చాక లెక్క తిరగబడుతుంది, ఆడవాళ్లలో ఎక్కువ కనిపిస్తుంది. శరీరం పెరిగే కొద్దీ గాలిగొట్టాలూ వెడల్పవుతాయి కాబట్టి, చిన్నప్పుడు దారిని మూసేసిన వాపే ఇప్పుడు అంత ఇబ్బంది పెట్టదు. దీనికి తోడు హార్మోన్ల ప్రభావమూ ఉందని పరిశోధకులు అంటారు. కొంతమంది ఆడవాళ్లకు నెలసరికి ముందు రోజుల్లో ఆయాసం పెరగడం కూడా ఆ వైపే చూపిస్తుంది.

అయితే ఆగింది అలాగే ఆగి ఉంటుందా? న్యూజిలాండ్‌లోని డునెడిన్‌లో 1972–73లో పుట్టిన పిల్లలను పరిశోధకులు ఏళ్ల తరబడి పిలిచి పరీక్షించారు. వాళ్లలో 613 మంది 26 ఏళ్లకు వచ్చేసరికి ఏమైందో 2003లో ప్రకటించారు. 89 మందికి పిల్లికూతలు చిన్నప్పటి నుంచి ఆగనే లేదు. 168 మందికి మధ్యలో ఆగాయి. ఆ 168 మందిలో 76 మందికి 26 ఏళ్లలోపే తిరిగి వచ్చాయి. అంటే 'పోయింది' అనుకున్న ప్రతి వంద మందిలో దాదాపు 45 మందికి మళ్లీ తలుపు తట్టింది. ఇంటి దుమ్ములోని సూక్ష్మ పురుగుల అలర్జీ ఉన్నవాళ్లకు, చాలా చిన్న వయసులోనే జబ్బు మొదలైనవాళ్లకు ఆ అవకాశం ఎక్కువ. సిగరెట్ తాగేవాళ్లకు, ఆడపిల్లలకు జబ్బు కొనసాగే అవకాశం ఎక్కువని కూడా అదే అధ్యయనంలో తేలింది.

నెదర్లాండ్స్‌లో 2001లో వెలువడిన మరో అధ్యయనం ఇంకాస్త లోపలికి వెళ్లింది. ఉబ్బసం 'తగ్గిపోయిన' యువతీయువకుల గాలిగొట్టాల నుంచి చిన్న ముక్క తీసి చూస్తే, ఏ లక్షణమూ లేనివాళ్లలో కూడా లోపల వాపు కనిపించింది.

కాబట్టి "పెద్దయితే పోతుంది" అనే మాట పూర్తిగా అబద్ధం కాదు, పూర్తిగా నిజమూ కాదు. కొందరికి నిజంగానే పోతుంది. చాలామందికి కొన్నేళ్లు నిద్రపోతుంది. ఆ రెండూ పైకి ఒకేలా కనిపిస్తాయి. చిక్కంతా అక్కడే.

ఇన్‌హేలర్ చేతులు మారే వయసు

లక్షణాలు తగ్గే ఆ ఏళ్లలోనే ఇంకొకటి జరుగుతుంది. అప్పటిదాకా ఇన్‌హేలర్ అమ్మ చేతిలో ఉంటుంది. ఎప్పుడు వేయాలో, ఎప్పుడు అయిపోతుందో, డాక్టర్ దగ్గరికి ఎప్పుడు వెళ్లాలో అన్నీ అమ్మే చూసుకుంటుంది. పదహారేళ్లకు పిల్లాడో పిల్లో కూకట్‌పల్లిలోనో మాదాపూర్‌లోనో కాలేజీ హాస్టల్‌కి వెళ్తారు. పిల్లల డాక్టర్ దగ్గరి ఫైలు ఊళ్లోనే ఉండిపోతుంది. పెద్దల డాక్టర్ ఇంకా ఎవరో తెలియదు. పదిమందిలో ఇన్‌హేలర్ తీయాలంటే సిగ్గు.

నాకు ఇంటర్ రెండో ఏడు నవంబర్‌లో ఒక రాత్రి గుర్తుంది. గదిలో ఆరుగురం. కిటికీకి అడ్డంగా తాడు కట్టి ఉతికిన బట్టలు ఆరేసుకున్నాం. మూల పరుపు నుంచి తేమ వాసన. రెండు గంటలకు ఊపిరాడక లేచి కూర్చుని, సంచిలోంచి నీలం ఇన్‌హేలర్ తీసి కొట్టుకున్నాను. నాలుక మీద చల్లగా తగిలింది, చప్పుడూ వచ్చింది. రెండోసారి, ఆరోసారి, పదోసారి. ఏమీ తగ్గలేదు. అందులో మందు ఎప్పుడో అయిపోయిందని, ఇప్పుడు వస్తున్నది మందును బయటికి నెట్టే గ్యాస్ మాత్రమేనని నాకు తెలియదు. లెక్క చూపించే కౌంటర్ లేని రకం అది. పక్క మంచం అక్క ఆటో మాట్లాడి ఆసుపత్రికి తీసుకెళ్లింది. నెబ్యులైజర్ పెట్టారు, మాత్రలు రాశారు, తెల్లారి పంపించేశారు. రోజూ వాడే మందు ఏదైనా ఉందా అని ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే, ఏడాదిన్నర కిందటే మానేశానని చెప్పేదాన్ని. బాగానే ఉన్నాను కదా అని మానేశాను.

నీలం ఇన్‌హేలర్ మీద మారిన మాట

ఇన్‌హేలర్లలో ప్రధానంగా రెండు రకాల మందులుంటాయి. ఒకటి బిగువును వదిలించేది. నీలం ఇన్‌హేలర్‌లో ఉండే, అస్థాలిన్ పేరుతో మనకు తెలిసిన సాల్బుటమాల్ ఈ రకం. నిమిషాల్లో హాయినిస్తుంది, నాలుగైదు గంటల్లో ప్రభావం దిగిపోతుంది, వాపును మాత్రం ముట్టుకోదు. రెండోది వాపును తగ్గించే పీల్చే స్టిరాయిడ్. దీనికి రోజులు, వారాలు పడుతుంది. పీల్చగానే ఏమీ తెలియదు. సహజంగానే అందరికీ మొదటిది మందులా, రెండోది అనవసరంలా అనిపిస్తుంది.

దశాబ్దాల పాటు తేలికపాటి ఉబ్బసానికి "అవసరమైతే నీలం ఇన్‌హేలర్ కొట్టుకో" అన్నదే సలహా. ప్రపంచవ్యాప్తంగా ఆస్తమా మార్గదర్శకాలు రాసే 'జినా' అనే సంస్థ 2019లో ఆ మాట మార్చింది. కౌమారంలో ఉన్నవాళ్లెవరూ, పెద్దవాళ్లెవరూ నీలం ఇన్‌హేలర్ ఒక్కదానితో నెట్టుకురావద్దని, దాంతో పాటు స్టిరాయిడ్ ఏదో ఒక రూపంలో అందాల్సిందేనని చెప్పింది.

ఎందుకో లెక్క వేసి చూద్దాం. ఒక అస్థాలిన్ ఇన్‌హేలర్‌లో 200 పఫ్‌లుంటాయి. దిల్‌సుఖ్‌నగర్‌లో ఉండే ఇరవై ఏళ్ల కుర్రాడొకడు పొద్దున రెండు, రాత్రి రెండు పఫ్‌లు తీసుకుంటున్నాడనుకుందాం. రోజుకు నాలుగు. యాభై రోజుల్లో ఒకటి ఖాళీ. ఏడాదికి ఏడు దాటుతాయి. ఏడాదికి మూడు, అంతకుమించి వాడేవాళ్లలో తీవ్రమైన దాడులు ఎక్కువని, పన్నెండు దాటితే ప్రాణాపాయం పెరుగుతుందని జినా హెచ్చరిస్తోంది. బ్రిటన్‌లో ఆస్తమా మరణాల మీద 2014లో వచ్చిన సమీక్షలోనూ ఇదే కనిపించింది. చనిపోయేనాటికి ఈ రకం ఇన్‌హేలర్ వాడుతున్నవాళ్లలో 39 శాతం మందికి ఆఖరి ఏడాదిలో పన్నెండుకు పైగా ఇన్‌హేలర్లు రాసి ఉన్నాయి. నీలం మందు చంపిందని దీనర్థం కాదు. లోపల వాపు ముదురుతుంటే అది పైకి తెలియకుండా కప్పేసింది.

మరి కొత్త పద్ధతి ఏమిటి? బ్యుడెసొనైడ్ అనే స్టిరాయిడ్‌నీ, ఫార్మోటెరాల్ అనే బిగువు వదిలించే మందునీ ఒకే ఇన్‌హేలర్‌లో కలిపి, ఆయాసం వచ్చినప్పుడు దాన్నే పీల్చడం. మన మందుల షాపుల్లో ఫోరాకార్ట్ పేరుతో దొరికేది ఈ జంటే. 2018లో వచ్చిన సిగ్మా అనే పెద్ద ట్రయల్‌లో, తేలికపాటి ఉబ్బసం ఉన్నవాళ్లలో ఇలా వాడినవాళ్లకు, బిగువు వదిలించే మందు ఒక్కటే వాడినవాళ్లతో పోలిస్తే తీవ్రమైన దాడులు 64 శాతం తగ్గాయి.

ఇందులోనూ రెండో పక్షం ఉంది, దాని వాదనలో బలమూ ఉంది. అదే ట్రయల్‌లో రోజూ క్రమం తప్పకుండా స్టిరాయిడ్ పీల్చినవాళ్లకు రోజువారీ లక్షణాలు ఇంకా బాగా అదుపులో ఉన్నాయి. అందుకే కొందరు డాక్టర్లు రోజూ వాడే పద్ధతినే ఇష్టపడతారు. అవసరానికి వాడే పద్ధతి వైపు ఉన్నవాళ్లు ఇంకో అంకె చూపిస్తారు. తీవ్రమైన దాడుల విషయంలో రెండు పద్ధతులకూ పెద్ద తేడా లేదు, కానీ ఒంట్లోకి వెళ్లిన స్టిరాయిడ్ రోజుకు 340 మైక్రోగ్రాముల నుంచి 57కి పడిపోయింది. బాగున్నప్పుడు మందు మానేసే వయసు వాళ్లకు, ఆయాసం వచ్చినప్పుడల్లా స్టిరాయిడ్ కూడా కొంత లోపలికి పోవడం పెద్ద రక్షణ అని నాకనిపిస్తుంది. పదిహేడేళ్ల నన్ను తలుచుకుంటే మరీను.

ఒక మెలిక మాత్రం మరిచిపోకూడదు. రెండు మందులు కలిసిన ప్రతి ఇన్‌హేలరూ ఇలా పనికిరాదు. ఫార్మోటెరాల్ నిమిషాల్లో పనిచేస్తుంది. సెరోఫ్లోలో ఉండే సాల్మెటెరాల్ నెమ్మదిగా పనిచేస్తుంది కాబట్టి ఆయాసం వచ్చిన క్షణాన ఆదుకోదు.

స్టిరాయిడ్ అంటే భయం: ఎంతవరకు నిజం?

"ఇన్‌హేలర్ అలవాటైతే మానలేం", "అది ఆఖరి మందు", "పిల్లలు ఎదగరు". మొదటి రెండూ నిజం కావు. మానేస్తే మళ్లీ ఆయాసం రావడం జబ్బు ఉండబట్టే, మందుకు బానిసై కాదు. మూడోదానిలో మాత్రం కొంత నిజముంది, దాన్ని దాచాల్సిన పని లేదు. ఉత్తర అమెరికాలో 5 నుంచి 13 ఏళ్ల పిల్లలకు రోజుకు 400 మైక్రోగ్రాముల బ్యుడెసొనైడ్ కొన్నేళ్ల పాటు ఇచ్చి, వాళ్లు పెద్దయ్యాక ఎత్తు కొలిచారు. 2012లో వచ్చిన ఫలితం ప్రకారం సగటున 1.2 సెంటీమీటర్లు తగ్గింది. చిటికెన వేలి గోరు వెడల్పంత. ఆ తగ్గుదల ఏటేటా పెరుగుతూ పోలేదు కూడా.

ఇంతకన్నా పెద్ద పొరపాటు మాత్రలు సురక్షితం, పీల్చేది ప్రమాదం అనుకోవడం. సాల్బుటమాల్ ఒక పఫ్‌లో ఉండేది 100 మైక్రోగ్రాములు. అదే మందు 4 మిల్లీగ్రాముల మాత్ర అంటే నలభై పఫ్‌లతో సమానం. గుండె దడ, చేతుల వణుకు దానితోనే ఎక్కువ. స్టిరాయిడ్ సంగతీ అంతే. దాడి ముదిరితే రోజుకు 40 మిల్లీగ్రాముల ప్రెడ్నిసొలోన్ అయిదు రోజులు ఇస్తారు. మొత్తం 200 మిల్లీగ్రాములు. రోజుకు 400 మైక్రోగ్రాముల చొప్పున ఏడాదంతా పీల్చిన బ్యుడెసొనైడ్ మొత్తం 146 మిల్లీగ్రాములు. ఇవి వేర్వేరు మందులు, బరువు చూసి బలం పోల్చలేం. కానీ మాత్ర రక్తంలో కలిసి ఒళ్లంతా తిరుగుతుంది. పీల్చిన మందు చాలావరకు గొట్టాల్లోనే పని ముగిస్తుంది, మింగుడు పడిన కాస్తను కాలేయం చాలావరకు విరిచేస్తుంది. ప్రాణం మీదికి వచ్చినప్పుడు మాత్రలు కాపాడతాయి. ఇన్‌హేలర్‌కి భయపడి ఏడాదికి నాలుగైదు సార్లు ఆ మాత్రల దాకా వెళ్లడమే ఎముకలకు, షుగర్‌కు, కళ్లకు ముప్పు.

చేప ప్రసాదం: నమ్మకం, ప్రశ్నలు

బత్తిని కుటుంబం దీన్ని 1845 నుంచి ఉచితంగా ఇస్తున్నామని చెబుతుంది. బతికున్న చిన్న కొర్రమీను నోట్లో పసుపు రంగు ముద్ద పెట్టి మింగిస్తారు. శాకాహారులకు బెల్లంతో ఇస్తారు. 45 రోజులు పథ్యం, వరుసగా మూడేళ్లు రావాలి. నమ్మేవాళ్ల మాట తీసిపారేసేది కాదు. డబ్బు అడగరు, వచ్చినవాళ్లను గౌరవంగా చూస్తారు, తగ్గిందని చెప్పే మనుషులు ప్రతి ఊళ్లో ఉన్నారు. జన విజ్ఞాన వేదిక లాంటి సంఘాలు, డాక్టర్లు అడిగేది వేరే. అందులో ఏముందో చెప్పాలి, శాస్త్రీయ పరీక్షకు నిలబడాలి అని. ఆ ముద్దలో ఏముందో ఆ కుటుంబం బయటపెట్టలేదు.

తగ్గినవాళ్లు అబద్ధం చెబుతున్నారా? అక్కర్లేదు. మనిషి ఇంత దూరం వచ్చేది జబ్బు బాగా ముదిరిన కాలంలో. నెలకు పది రాత్రులు నిద్ర లేనివాడికి తర్వాతి నెల నాలుగు రాత్రులకు తగ్గడం ఉబ్బసంలో మామూలు, అది పడుతూ లేస్తూ ఉండే జబ్బే. పిల్లల విషయంలో ఇంకో లెక్క ఉంది. పన్నెండేళ్ల అబ్బాయికి మూడేళ్లు వేయించితే, చివరిసారికి వాడికి పద్నాలుగు. మగపిల్లలకు ఉబ్బసం సహజంగా నెమ్మదించే వయసు సరిగ్గా అదే. మా అన్నకు పట్టింది ఆ వయసే. తొమ్మిది నుంచి పదకొండేళ్ల మధ్య అదే మందు తీసుకున్న ఆడపిల్లకు, ముందున్నది జబ్బు పెరిగే వయసు. అమ్మకు ఇది చెప్పినప్పుడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "అయితే నీ తప్పేం లేదన్నమాట" అంది.

క్యూలో నిలబడటంలో నాకు తప్పేమీ కనిపించదు. అక్కడికి వెళ్లొచ్చాం కదా అని రోజూ వాడే ఇన్‌హేలర్ ఆపేసిన ఇళ్లలోనే ప్రమాదం.

పెద్దయ్యాక ఎదురయ్యే కొత్త చిక్కులు

చిన్నప్పుడు దుమ్ము, జలుబు, సాంబ్రాణి పొగ, దోమల కాయిల్, దీపావళి. పెద్దయ్యాక వీటికి కొన్ని కొత్తవి చేరతాయి. ఇరవైల్లో స్నేహితులతో హుక్కా, వేప్. దేశంలో ఈ-సిగరెట్లను 2019లో, తెలంగాణలో హుక్కా పార్లర్లను 2024లో నిషేధించినా అలవాటు అంతటితో పోలేదు. ఖాళీ స్థలాల్లో ఏపుగా పెరిగే వయ్యారిభామ పుప్పొడి, పక్క ప్లాట్‌లో రెండేళ్లు నడిచే కట్టడం సరేసరి.

మందులతో వచ్చే చిక్కు చాలామందికి తెలియదు. పెద్దవాళ్లలో ఉబ్బసం ఉన్న ప్రతి వందమందిలో సుమారు ఏడుగురికి ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ లాంటి నొప్పి మాత్రలు పడవు. గంట రెండు గంటల్లో తీవ్రమైన ఆయాసం తెస్తాయి. మైగ్రేన్‌కీ, ఇంటర్వ్యూ ముందు టెన్షన్‌తో చేతులు వణకడానికీ రాసే ప్రొప్రనొలాల్ గాలిగొట్టాలను బిగించేస్తుంది. తలనొప్పికి వెళ్లినవాళ్లు "నాకు చిన్నప్పుడు ఉబ్బసం ఉండేది" అని చెప్పరు, పోయిందనుకుంటారు కాబట్టి.

ఇక పెళ్లి. సంబంధాలు చూసేటప్పుడు అమ్మాయి ఇన్‌హేలర్ దాచడం నాకు తెలిసిన ఇళ్లలోనే చూశాను. పెళ్లయ్యాక కొత్త ఇంట్లో దాచి వాడలేక మానేస్తారు, గర్భం వస్తే బిడ్డకు మంచిది కాదని మళ్లీ మానేస్తారు. గర్భిణుల్లో స్థూలంగా మూడోవంతు మందికి ఉబ్బసం తగ్గుతుంది, మూడోవంతుకు పెరుగుతుంది, మిగతావాళ్లకు అలాగే ఉంటుంది. తల్లికి ఊపిరాడకపోతే బిడ్డకు ఆక్సిజన్ తగ్గుతుంది. బ్యుడెసొనైడ్ గర్భిణులు ఎన్నో ఏళ్లుగా వాడుతున్న మందు.

పోయిందో లేదో కొలిచే పరీక్ష

పోయిన చలికాలం అన్న ఇంటికి రంగులు వేయించాడు. గోడలు గీకిన దుమ్ముకి మూడు వారాలు దగ్గు, రాత్రుళ్లు ఛాతీ పట్టేసినట్టు. "జలుబే, ఉబ్బసం చిన్నప్పుడే పోయింది కదా" అన్నాడు. బలవంతంగా తీసుకెళ్లి స్పైరోమెట్రీ చేయించాను. నిండా గాలి పీల్చి, గొట్టంలోకి ఒక్క ఉదుటున ఊది, ఇక లేదు అనేదాకా ఊదుతూనే ఉండాలి. మొదటి సెకనులో ఎంత గాలి బయటికి వచ్చిందో యంత్రం చూపిస్తుంది. అన్నకు 2.90 లీటర్లు వచ్చింది. తర్వాత సాల్బుటమాల్ పీల్పించి, పావుగంట కూర్చోబెట్టి మళ్లీ ఊదించారు. 3.34. అంటే 440 మిల్లీలీటర్లు, 15 శాతం పెరుగుదల. 12 శాతానికి మించి, 200 మిల్లీలీటర్లకు మించి పెరిగితే గొట్టాలు బిగుసుకుని ఉన్నాయనీ, మందుతో తెరుచుకున్నాయనీ అర్థం. ఉబ్బసాన్ని నిర్ధారించడానికి డాక్టర్లు చూసే గుర్తుల్లో ఇదొకటి.

అన్న ఆ కాగితం మీద ఒకదాని పైన ఒకటి ఉన్న రెండు గీతల్నీ వేలితో ముట్టుకుని చూశాడు. "ఇరవై ఏళ్లుగా ఉందంటావా?" అని అడిగాడు. డాక్టరమ్మ జవాబు చెప్పే ముందు, ఆఖరిసారి ఇన్‌హేలర్ ఎప్పుడు వాడారని అడిగింది. అన్న నా వైపు చూశాడు. అది అమ్మకే తెలుసు.